వరండా మేకుకు వేలాడిన కప్పు

అమ్మ పోయిన మూడో నెలలో ఆమె ట్రంకుపెట్టె తెరిచాను. ఇన్నాళ్ళూ తెరవకపోవడానికి దుఃఖమే కారణమని అడిగినవాళ్ళకు చెప్పుకున్నాను గానీ, అసలు కారణం బద్ధకం, దాని వెనక కొంచెం భయం. కొంపల్లిలో మా విల్లాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వాటి గోడల్లోనే అలమరలు, అలమరల్లోనే అరలు. ఇనప పెట్టెకు మాత్రం ఎక్కడా చోటుండదు. అమ్మ మా ఇంటికి వచ్చిన రోజున ఆ పెట్టె మంచం కింద పట్టకపోతే, మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టించాను. పట్టెమంచం కింద ఇటుకలేమిటని మా ఆయన నవ్వారు. అమ్మ నవ్వలేదు. పెట్టె పట్టిందా లేదా అని మాత్రం వంగి చూసుకుంది.

దాన్ని బయటికి లాగడం నా ఒక్కదాని వల్ల కాలేదు. మా ఇంట్లో పనిచేసే యాదమ్మ ఒక పిడి పట్టింది, నేనొక పిడి పట్టాను. యాదమ్మది కుత్బుల్లాపూర్. ఆరేళ్ళుగా పొద్దున ఎనిమిదికి వచ్చి మధ్యాహ్నం దాకా ఉంటుంది. నడివేసవి, కరెంటు లేదు, ఇద్దరికీ చెమటలు కారిపోతున్నాయి. మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. రెండు పట్టుచీరలు, బాపు కళ్ళజోడు, ఆయన పాత పాస్‌పోర్టు, అన్నిటికీ అడుగున పసుపూ నలుపూ పువ్వులున్న ముతక గుడ్డలో చుట్టిన చిన్న మూట. విప్పితే ఎనామిల్ కప్పు. తెల్లటి కప్పు, నీలం అంచు, పిడి దగ్గర పెచ్చు లేచి నల్లటి మచ్చ.

"గిదేందమ్మా, గింత పాత కప్పు గిట్ల దాసుకున్నదా పెద్దమ్మ?" అంది యాదమ్మ, ముక్కు మీద వేలేసుకుని. "పారెయ్యాల్నా?"

"వద్దు" అన్నాను.  ఆ కప్పు ఎవరిదో నాకు తెలుసు. అమ్మ దాన్ని ఇన్నేళ్ళూ దాచిందని మాత్రం తెలియదు.

నేను బాపు అని పిలిచే మా నాన్న లెక్కల మాస్టారు. షామీర్‌పేటలో పుట్టి, మేడ్చల్ బడిలో పాఠాలు చెప్పుకుంటున్న మనిషికి ఎక్కడో జాంబియా అనే దేశంలో మాస్టార్లు కావాలన్న కబురు ఎలా తెలిసిందో, తెలిసినవాడు ఎలా ధైర్యం చేశాడో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. మా నాయినమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. ఆమె ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "గంత దూరం పోయి సెప్పే లెక్కలు ఈడ లేవారా కొడుకా?" అని మాత్రం అడిగింది. బాపు మూడేళ్ళ ఒప్పందం రాసి, అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని విమానమెక్కాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు నిండాయో లేదో.

జాంబియా పటంలో అడుగున ఉండేది దక్షిణ ప్రావిన్సు. దాని కింది అంచు పొడవునా జాంబెజీ నది పారుతుంది. ఆ నదికి ఒకచోట ఆనకట్ట కట్టారు. వెనక నిలిచిన నీళ్ళను కరీబా సరస్సు అంటారు. సరస్సు అన్నానని మన షామీర్‌పేట చెరువును ఊహించుకోవద్దు. దాని అవతలి ఒడ్డు కనిపించదు, అవతలి ఒడ్డున ఇంకో దేశం ఉంటుంది. నది నుంచి పైకి వస్తే మొదట ఎండకు మాడిన లోయ, ఆ తర్వాత నిటారుగా కొండల వరస, ఆ కొండలు ఎక్కితే చల్లటి పీఠభూమి. పీఠభూమి మీద ఒకే ఒక రైలుమార్గం, దాని వెంట మజబూకా, మోంజే, చోమా అని చిన్నచిన్న పట్నాలు. చోమాకు ఇవతల, రైలు కూత వినిపించేంత దూరంలో మా బడి, బడి వెనక మాస్టార్ల ఇళ్ళు. నేల అచ్చంగా మా చెల్క భూముల ఎర్రమట్టే. అమ్మ దిగిన రోజే గుప్పెడు మట్టి తీసి నలిపి చూసి, "గింత దూరం వొచ్చి మల్ల గీ మట్టేనా" అంది. ఆ మాటలో నిరాశ ఉందో నిమ్మళం ఉందో నాకు తెలియలేదు.

మట్టి ఒకటేగానీ కాలాలు మాత్రం తలకిందులు. మన దగ్గర రోళ్ళు పగిలే నెలల్లో అక్కడ చలి మొదలయ్యేది. మన వానాకాలంలో అక్కడ పొద్దున గడ్డి మీద మంచు గడ్డకట్టి కాళ్ళ కింద కరకరలాడేది. దసరా దాటితే ఎండలు, సంక్రాంతికి ముసురు. అమ్మ పంచాంగం తీసి చూసుకుని, కిటికీలోంచి బయటికి చూసి, మళ్ళీ పంచాంగం మూసేసేది. ఉగాదికి వేపపూత దొరక్క కాకరకాయ ముక్క వేసి పచ్చడి చేసింది. ఇంటంత ఎత్తున చెదపుట్టలుండేవి. నాగుల పంచమి నాడు అమ్మ స్నానం చేసి, పసుపు కుంకుమలు తీసుకెళ్ళి, వాటిలో పెద్దదాని మీద పాలు పోసింది. అందులో పాముందో లేదో తెలియదుగానీ, బడి పిల్లలంతా చుట్టూ చేరి గంభీరంగా చూశారు. ఒక్కరూ నవ్వలేదు. పరాయివాళ్ళ పూజను చూసి నవ్వకుండా ఉండటం చిన్న సంగతి కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అక్కడి మనుషులు తోంగాలు. మొక్కజొన్న పండిస్తారు, పశువులంటే ప్రాణం. పులిసిన పాలను మబిసి అంటారు, ఇష్టంగా తింటారు. ఎదురుపడితే రెండు చేతులూ దొప్పలా వంచి మెల్లగా చప్పట్లు కొట్టి, "మ్వబుకా బుతి?" అని పలకరిస్తారు. ఎలా నిద్ర లేచారు అని దానర్థం. పెద్దవాళ్ళ ముందు ఆడవాళ్ళు ఒక మోకాలు వంచి కూర్చుని పలకరిస్తారు, ఏదిచ్చినా రెండు చేతులతో అందుకుంటారు. పిల్లలున్న ఆడదాన్ని పేరుపెట్టి పిలవరు. పెద్దబిడ్డ పేరు చేర్చి, ఆ బిడ్డ తల్లి అంటారు. మన దగ్గర పద్మోళ్ళమ్మ అన్నట్టే.

బీనా ముతింత అలాంటి పిలుపే. అంటే ముతింత తల్లి. మా ఇంట్లో పనికి కుదిరిన మనిషి. భర్త చనిపోయాక లోయలోని తన ఊరు విడిచి, పదేళ్ళ కూతురు ముతింతతో బడి వెనక ఒక గదిలో ఉండేది. ఆమె అసలు పేరు నేనెన్నడూ అడగలేదు. రోజూ తెల్లారేసరికి వచ్చి సిమెంటు గచ్చుకు ఎర్ర పాలిష్ రాసేది. పాత ఉన్నిగుడ్డ రెండు పాదాల కింద వేసుకుని, నడుము ఊపుతూ, నాట్యం చేసినట్టు ఇల్లంతా తిరిగేది. ఆ పాలిష్ వాసన, బొగ్గుల కుంపటి పొగ, అమ్మ వేసే ఇంగువ తాలింపు కలిస్తే మా ఇంటి పొద్దు. అమ్మకు తోంగా రాలేదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని బీనా ముతింతతో షామీర్‌పేట తెలుగే మాట్లాడేది, మాట్లాడి మాట్లాడి ఆమెకే నేర్పింది. ఏడాది తిరిగేసరికి ఆమె "దా బిడ్డా, సల్ల తాగు" అని నన్ను మజ్జిగకు పిలిచేది. ఆ మాటల్లో తోంగా రాగం ఉండేది. మిగిలినది తోంగాలో చెప్పేది, నేను అమ్మకు చెప్పేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆమె చెప్పిందంతా నాకు మా తెలుగులోనే వినిపిస్తుంది. అలాగే రాస్తున్నాను.

ఆమె అమ్మను బీనా పద్మ అనేది. అమ్మకు అది ఎంత ఇష్టమో చెప్పలేను. షామీర్‌పేటలో అమ్మ ఎప్పుడూ ఫలానావాళ్ళ కోడలే. ఇక్కడ నా పేరు చేరి పద్మ తల్లి అయింది. బీనా ముతింత మోకాలు వంచి టీ అందుకుంటుంటే అమ్మ మురిసిపోయి, "సూడు, ఎంత మర్యాద తెల్సిన మనిషి. తన జాగ తనకు ఎర్కే" అనేది. ఆ మోకాలు పెద్దవాళ్ళెవరికైనా వంచే మోకాలని, రేపు అమ్మ తన ఇంటికి వచ్చే అతిథి అయినా అలాగే వంచుతుందని అమ్మకు తెలియదు.

ఇప్పుడు కప్పు సంగతి. మా షామీర్‌పేట ఇంటి ముందు తాటాకుల చూరు ఉండేది. చూరులో ఒక సత్తు గ్లాసు దోపి ఉండేది. అది ఊరవతల వాడ నుంచి వచ్చే మా జీతగాడు ఎల్లయ్యది. నీళ్ళు కావాలంటే ఎల్లయ్య చూరులోంచి గ్లాసు తీసుకునేవాడు, అవ్వ పైనుంచి పోసేది, తాగి కడిగి మళ్ళీ చూరులో దోపేవాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది అక్కడే ఉంది కాబట్టి, చూరు ఉన్నది గ్లాసు దోపడానికే అనుకునేదాన్ని. అమ్మ విమానంలో ఆ గ్లాసు తేలేదుగానీ ఆ అలవాటు తెచ్చింది. చోమాలో ఒక కొట్టుకు వెళ్ళి నీలం అంచు ఎనామిల్ కప్పు కొని, వెనక వరండా స్తంభానికి మేకు కొట్టించి తగిలించింది. బీనా ముతింత టీ, నీళ్ళు, సల్ల అన్నీ అందులోనే. అమ్మ చెడ్డది కాదు. సల్ల నిండుగా పోసేది, టీలో చక్కెర మాకంటే ఎక్కువ వేసేది. బీనా ముతింత తెచ్చిన ఎండు చేపలు, పుల్లటి ముబుయు కాయలు తీసుకునేది. ముబుయు అంటే గోల్కొండ నయాఖిల్లాలో ఉన్న, గదంత లావు మానుండే ఏనుగు చెట్టు లాంటిదే. ఆ కాయల పొడి చింతపండుకు బదులు చారులో వేసేది. ఎండువి ఏవైనా పనికొచ్చేవి. తడి తగిలినవి, వండినవి మాత్రం ఏదో వంక చెప్పి వెనక్కి పంపేది.

రెండో ఏడు బడి సెలవుల్లో బీనా ముతింత మమ్మల్ని తన ఊరికి పిలిచింది. బాపు తోటి మాస్టారి వ్యాను అడిగి తెచ్చాడు. కొండల వరస దిగుతుంటే చలికోట్లు ఒక్కొక్కటే విప్పాం. లోయలోకి వచ్చేసరికి వడగాలి. ఎండిన వాగులు, మేకలు, చెయ్యి చాపి ఎవరో బెదిరిస్తున్నట్టు ఆకులు లేని ముబుయు చెట్లు. గుంజల మీద నిలబెట్టిన గాదెలు, మట్టి గోడల గుండ్రటి ఇళ్ళు. ఊరంతా వచ్చి చప్పట్లు కొట్టి పలకరించింది. చాప వేసి కూర్చోబెట్టి, బీనా ముతింత దూరంగా మెరుస్తున్న నీళ్ళు చూపించింది.

"గా నీళ్ళ కింద ఉన్నది మా ఊరు" అంది. "నది పక్కపొంటి ఉంటిమి. వరదొచ్చి పోతే బురదల విత్తనమేస్తే సాలు, పంట. నేను నీ అంతున్నప్పుడు లారీలు వొచ్చినయి. ఎక్కుమన్నరు. మా తాతముత్తాతలను పూడ్చిన జాగ ఆడనే ఉండె. మా నాయినమ్మ సొరబుర్ర చిప్ప ఒక్కటి పట్టుకొని ఎక్కింది. గా చిప్పల ఆమె తప్ప ఎవలు తాగకపోయేది. ఇంటికి పెద్ద గదా. ఆమె పోయేదాంక గది ఆమెదే."

చెప్పి లేచి, ఇంట్లోకి వెళ్ళి గోడ చూపించింది. మూడు మేకులు, మూడు కొత్త కప్పులు. తెల్లవి, నీలం అంచువి. పిడులకు మూడు రంగుల దారాలు కట్టి ఉన్నాయి.

"ఎర్రది మాస్టారుది. పచ్చది బీనా పద్మది. తెల్లది నీది బిడ్డా. మీ ఇంట్ల నాకు కప్పు పెట్టిండ్రు. ఎవలను ముట్టనియ్యరు, బీనా పద్మ సుత అండ్ల తాగదు. మా వోళ్ళందరికి సెప్పిన. నాకు మా నాయినమ్మ యాదికొచ్చింది. ఇగ ఇవి మీవి. మీరు మల్ల వచ్చేదాంక గోడకే ఉంటయి, ఎవలు ముట్టరు."

నేను ఆ మాటలన్నీ అమ్మకు తెలుగులో చెప్పాను. గొప్పగా చెప్పాను కూడా, నాకూ ఒక కప్పు దొరికిన సంబరంలో. అమ్మ మొహంలోంచి నెత్తురంతా దిగిపోవడం చూశాను. బీనా ముతింత ఒక మోకాలు వంచి, పచ్చదారం కప్పులో చిబ్వంతు పోసి రెండు చేతులతో అందించింది. మొక్కజొన్న రవ్వ ఉడికించి, ఏదో వేరు రసం కలిపి పులియబెట్టే అంబలి అది. వండినది, తడిది. అమ్మ రెండు చేతులా అందుకుని గడగడా తాగేసింది. ఇంకా పోయమంది. బాపు నోరు తెరుచుకుని చూశాడు.

మర్నాడు మా ఇంట్లో మేకుకు కప్పు లేదు. అమ్మ దాన్ని తోమి వంటింటి అలమరలో మా గ్లాసుల మధ్య పెట్టింది. బీనా ముతింత వస్తే, మేం తాగే స్టీలు గ్లాసులో టీ ఇచ్చింది.  అమ్మ లెక్కలో అది పెద్ద పని. షామీర్‌పేటలో ఆమెకు తెలిసినంతలో ఏ కోడలూ చేయని పని. బీనా ముతింత మాత్రం గ్లాసు అందుకోలేదు. స్తంభం వంక చూసింది.

"నా కప్పేది?" అని అడిగింది. "నేనేం తప్పు జేసిన?"

అమ్మ బిక్కచచ్చిపోయింది. నన్ను చూసి, "తప్పేం లేదని సెప్పు బిడ్డా. గా కప్పు... గది మంచిది కాదని సెప్పు" అంది. ఎందుకు మంచిది కాదో తను చెప్పలేకపోయింది. ఆ మాట ఏ భాషలోనూ చెప్పలేనిదని ఇప్పుడు అర్థమవుతుంది.  బీనా ముతింత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మ గబగబా లోపలికి వెళ్ళి కప్పు తెచ్చి, అందులోనే టీ పోసి, మళ్ళీ మేకుకు తగిలించింది. బీనా ముతింత మొహం విప్పారింది. ఆ సాయంత్రం అమ్మ అన్నం తినలేదు. "ఏం జేయాల్నో తోస్తలేదు. తీస్తే గోస, ఉంచితే పాపం" అని బాపుతో అంది. 

అది అలాగే ఉండిపోతే బాగుండేది. తెలియనితనంలో ఆమె గౌరవం ఆమెకు మిగిలేది, తెలిసిన బరువు అమ్మ మోసేది. కానీ మధ్యలో నేను, నా నోరు ఉన్నాయి కదా. నోరు మంచిదైతే ఊరు మంచిదని అవ్వ నన్ను చూసే అనేది.

ఒక సాయంత్రం ముతింతా నేనూ జామచెట్టు కింద తాడాట ఆడుతున్నాం. ముతింత నాకంటే ఎప్పుడూ బాగా ఎగిరేది. నేను మూడుసార్లు ఓడిపోయి, నాలుగోసారి తొండి చేశాను. తొండి అని ముతింత అరిచింది. నేను మా ఇంటి దొడ్డి, మా జామచెట్టు, మా తాడు అన్నాను. ముతింత నడుము మీద చేతులు పెట్టుకుని నవ్వింది.

"మీ ఇల్లయితే ఏంది? మీ ఇంట్ల నీకు సొంత కప్పు సుత లేదు. మా అమ్మకున్నది!"

ఆ క్షణంలో నాకు తెలుసు. ఆ మాట అంటే ఏమవుతుందో పదకొండేళ్ళదానికి అంత మాత్రం తెలుస్తుంది. తెలిసే అన్నాను. నాకు వచ్చిన తోంగాలో, తప్పులు లేకుండా, చాలా స్పష్టంగా అన్నాను. "అది గొప్పకు పెట్టింది కాదు. మా ఊళ్ళో పశువుల పాకలో పనిచేసేవాడికి అలాంటి గ్లాసు పెడతాం. మీ అమ్మ ముట్టింది మేం తాగకూడదు. అందుకే కప్పు బయట ఉంటుంది."

ముతింత వెనక, తీగ మీద బట్టలు ఆరేస్తూ, బీనా ముతింత నిలబడి ఉంది. చేతిలో బాపు తడి చొక్కా.  చొక్కా దులిపి తీగ మీద వేసింది. బకెట్లో ఉన్నవన్నీ, చివరి రుమాలు దాకా, ఒక్కొక్కటే దులిపి ఆరేసింది. తర్వాత వరండా దగ్గరికి వెళ్ళి కప్పు ముందు కొంచెంసేపు నిలబడింది. దాన్ని ముట్టుకోలేదు. కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లారేసరికి మామూలుగానే వచ్చింది. చప్పట్లు కొట్టి, ఎలా లేచారని పలకరించింది. గచ్చుకు పాలిష్ రాసింది. అమ్మ కప్పులో టీ పోసి ఇవ్వబోతే, తలెత్తకుండా తెలుగులోనే అంది.

"దూప లేదు, బీనా పద్మ."

దూపంటే దాహం. టీకి దూపేమిటని అమ్మ నవ్వింది. మధ్యాహ్నం సల్ల ఇచ్చింది. దూప లేదు. మర్నాడు నీళ్ళు. దూప లేదు. అది వానలకు ముందరి ఎండాకాలం. పీఠభూమి మీద కూడా గాలి ఆగిపోయి, పశువులు నాలుకలు బయటపెట్టే రోజులు. ఆమె పెదవులు ఎండి తెల్లగా పొరలు లేచేవి. బట్టలుతికి, గచ్చు రుద్ది, కుంపటి ముందు కూర్చుని, మధ్యాహ్నం తన గదికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చేది. అమ్మ స్టీలు గ్లాసులో ఇచ్చి చూసింది, తన సొంత గ్లాసులో ఇచ్చి చూసింది, ఒకసారి చేతులు పట్టుకుని ఏడ్చింది. బీనా ముతింత అమ్మ చేతుల్ని మెల్లగా నిమిరి, దూప లేదనే చెప్పింది. బాపు ఒప్పందం ముగిసేదాకా, ఏడు నెలలు, ఆమె మా ఇంట్లో చుక్క నీళ్ళు ముట్టలేదు. ఒక్కరోజు పని మానలేదు.

మొదటి వారంలోనే అమ్మ నన్ను పిలిచి అడిగింది. "నువ్వేమన్నా అన్నవా బిడ్డా?"

"లేదు" అన్నాను.

అమ్మ నమ్మింది. అనుమానించి ఉంటే నాలుగు దెబ్బలు పడేవి, విషయం అక్కడ తేలిపోయేది. నమ్మి, తప్పంతా తన మీదే వేసుకుంది. కప్పు తీసి లోపల పెట్టిన రోజే బీనా ముతింతకు అనుమానం వచ్చిందని, ఆలోచించుకుని అర్థం చేసుకుందని తీర్మానించుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నాది జారిన నోరు కాదు, తెలిసి విసిరిన నోరు. పైగా ఆ రాయి నేను విసరలేదని చెప్పుకున్నాను.

మేం వచ్చేసే రోజు బీనా ముతింత ఆ కప్పును బూడిదతో తళతళా తోమి, తన పైగుడ్డ ఒకటి చుట్టి, మోకాలు వంచి, రెండు చేతులతో అమ్మకు ఇచ్చింది. ముతింత రాలేదు. వ్యాను కదిలాక అమ్మ వెనక్కి చూస్తూనే ఉంది, నేను ముందుకే చూశాను. లోయలో, ఆ గుండ్రటి ఇంటి గోడ మీద మా మూడు కప్పులు ఏమయ్యాయో తెలియదు. తీసేసి ఉంటే బాగుండునని ఒకసారి, తీసి ఉండదేమోనని ఒకసారి అనిపిస్తుంది. రెండోదే నన్ను ఎక్కువ బాధ పెడుతుంది.

షామీర్‌పేటకు వచ్చిన వారంలో అమ్మ చూరులోంచి ఎల్లయ్య గ్లాసు తీసి, మా గ్లాసులో నీళ్ళిచ్చింది. అవ్వ ఇల్లు పీకి పందిరేసింది. ఎల్లయ్యే భయపడిపోయి, "నా పానానికెందుకు దొరసాని గీ పరేషాని" అని తన గ్లాసు తను వెతుక్కుని చూరులో దోపుకున్నాడు. అమ్మ ఇక ఆ ప్రయత్నం చేయలేదు. ఆ ఇల్లూ లేదు, ఆ చూరూ లేదు. ఆ జాగాలో ఇప్పుడు పెళ్ళిళ్ళ హాలుంది. పక్కన రింగు రోడ్డు మీద తుర్కపల్లి కంపెనీల క్యాబులు దూసుకుపోతుంటాయి. వాటిలో నాలాంటివాళ్ళ పిల్లలు, ఎవరి నీళ్ళ సీసా వాళ్ళు పట్టుకుని, పోతుంటారు. చూరులు పోయాయి కదా, లోకం మారిందని నేను సభల్లో మాట్లాడాను, వ్యాసాలు రాశాను. చప్పట్లు కూడా కొట్టారు.

పోయిన ఏడాది, మంచం మీది నుంచే అమ్మ ఒక మధ్యాహ్నం అడిగింది. వంటింటి వెనక, బట్టల మిషను మీద, ఒక స్టీలు గ్లాసూ పళ్ళెమూ బోర్లించి ఉంటాయి. ఆమె గది తలుపు తీస్తే అవి కనిపిస్తాయి.

"గా గ్లాసు ఎవలది?"

"యాదమ్మది."

"ఏరే ఎందుకు?"

"శుభ్రతకమ్మా. కరోనా అప్పుడు పెట్టాం, అలాగే ఉండిపోయింది."

అమ్మ గోడవైపు తిరిగి, "నేనన్నా తెల్వక జేసిన" అంది. మళ్ళీ, "నేను గా కప్పు లోపల పెట్టకపోతే ముతింతోళ్ళమ్మకు తెల్వకపోవు. నా తెలివితక్కువతనమే. గంత ఎండల నీళ్ళు తాగకపాయె" అంది. అప్పుడు చెప్పాల్సింది. అమ్మా, నువ్వు కాదు, నేను, జామచెట్టు కింద, తొండాటలో అని ఒక్క వాక్యం. నోటి దాకా వచ్చింది. "పాత సంగతులెందుకమ్మా, మందు వేసుకో" అన్నాను. అమ్మ మందు వేసుకుంది. చేయని తప్పు మోసుకుంటూనే పోయింది.

ట్రంకుపెట్టె ముందు ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. యాదమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటూ, "అమ్మా, పెట్టె మల్ల లోపల్కి నూకాల్నా?" అని అడిగింది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. నేను రోజూ తాగే గాజు గ్లాసు తీసి, కుండలోని చల్లటి నీళ్ళు నిండా పోసి, తెచ్చి రెండు చేతులతో ఆమెకు అందించాను.

యాదమ్మ గ్లాసును చూసింది. నా మొహం చూసింది. తర్వాత తలతిప్పి, బట్టల మిషను మీద బోర్లించి ఉన్న తన గ్లాసు వైపు చూసింది. ఆరేళ్ళలో ఆమె ఆ గ్లాసు గురించి ఏనాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చెమట ఆమె చెంపల మీంచి గడ్డం దాకా కారుతోంది.

"దూప లేదమ్మా" అంది.

నువ్వేమన్నా అన్నవా బిడ్డా అని అడగడానికి ఈసారి అమ్మ లేదు. అడిగినా, లేదంటే అబద్ధం కాదు. ఆమెతో నేనేమీ అనలేదు. అనాల్సినదంతా ఆరేళ్ళుగా ఆ గ్లాసే అంటోంది.